నూనె మిల్లు పెట్టమంటున్నారు, పెట్టాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. కళ్యాణదుర్గం దగ్గర ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో సీఈవోగా పని చేస్తున్నాను. బీకాం చదివినాను. మాకు 430 మంది సభ్యులున్నారు, తలా వెయ్యి రూపాయల వాటా కట్టినారు. కేంద్ర పథకం కింద వచ్చే మూడేళ్ల సాయం ఇంకో ఏడు నెలల్లో అయిపోతుంది. నా జీతం, అకౌంటెంటు జీతం అందులోంచే. మాకు తోడుగా పెట్టిన సంస్థ వాళ్లు ఇంగ్లీషులో 46 పేజీల బిజినెస్ ప్లాన్ రాసిచ్చినారు, కొన్ని పేజీలు పంపుతున్నాను. అందులో మూడు కోట్ల టర్నోవర్ అని ఉంది. పోయినేడు ఎరువులు, కందులు కలిపి మేం చేసిన వ్యాపారం 11 లక్షలు. మా ఛైర్మన్ మామ చెనిక్కాయ (వేరుశనగ) నూనె మిల్లు పెడదామంటున్నారు, సబ్సిడీ వస్తుందంట. ఒకాయన ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి 60 వేలు అడుగుతున్నాడు. బోర్డులో అందరికీ మిల్లు ఇష్టమే, నాకే భయం. ఊరి ఆడపిల్ల, చిన్నది, దానికేం తెలుసు అంటారని మీటింగులో నోరు తెరవలేదు. ఏం చేయమంటారు?
పేరు వేయొద్దన్న పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ భయం సరైనదే. మిల్లు ఇప్పుడొద్దు. ఎప్పటికీ వద్దని చెప్పడం లేదు. మిల్లు కంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి, మీరు పంపిన పేజీల్లో అవి ఎక్కడా కనపడలేదు. మార్కెట్ అవకాశాలు, బలాలు బలహీనతలు అని రంగుల పట్టికలున్నాయి గానీ, అవి అనంతపురానికైనా అస్సాంకైనా అతుకుతాయి. మీ బోర్డు సభ్యుల్లో ఎందరు ఆ ఇంగ్లీషు చదవగలరో కూడా ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ముందు మీ కంపెనీ బతకడానికి ఎంత కావాలో చూద్దాం. పథకం నుంచి సీఈవోకు నెలకు 25 వేల వరకు, అకౌంటెంటుకు 10 వేల వరకు వస్తోంది. అద్దె, కరెంటు, ఆడిటరు ఫీజు, బండి పెట్రోలు కలుపుకుంటే 45 వేలనుకోండి. ఏడాదికి 5 లక్షల 40 వేలు. ఏడు నెలల తర్వాత ఇది మీ వ్యాపారంలోంచి రావాలి. పోయినేటి 11 లక్షల మీద ఎంత మిగిలిందో మీరు రాయలేదు. మూడు శాతం మిగిలిందనుకున్నా 33 వేలు, ఒక్క నెల ఖర్చుకు కూడా సరిపోదు.

ఇప్పుడు ఇదే లెక్కను సరుకులోకి మార్చండి. చెనిక్కాయ కొని అమ్మితే కూలీ, లారీ, గోతాలు పోను క్వింటాలుకు 200 రూపాయలు మిగిలిందనుకుంటే, 5 లక్షల 40 వేలు రావడానికి 2,700 క్వింటాళ్లు అమ్మాలి. 430 మంది సభ్యులకు పంచితే మనిషికి ఆరు క్వింటాళ్ల పైచిలుకు. మంచి ఏడాదిలో ఇదేమంత పెద్ద సరుకు కాదు. కానీ మన జిల్లాకు ఏడాదికి వచ్చే వానే 550 మిల్లీమీటర్ల దగ్గర, అదీ ఊడలు దిగే సమయంలో మొహం చాటేస్తుంది. కాబట్టి ఒక్క చెనిక్కాయ కొనుగోలు మీదే కంపెనీని నిలబెట్టకూడదు. ఈ ఒక్క పేజీ లెక్క మీ చేత్తో తెలుగులో రాసి బోర్డు ముందు పెట్టండి. నా దృష్టిలో అసలు బిజినెస్ ప్లాన్ ఇదే.

ఇక మిల్లు సంగతి. 2025–26కి చెనిక్కాయ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. మీ సభ్యులకు అంతకంటే తక్కువ ఇచ్చి కొంటే కంపెనీ ఎందుకు అని వాళ్లే అడుగుతారు. వంద కిలోల కాయ ఒలిస్తే 70 కిలోల పప్పు వస్తుందనుకుందాం. అంటే పప్పు క్వింటాలు దాదాపు 10,376 పడింది. దాన్ని ఆడిస్తే 40 కిలోల నూనె, 58 కిలోల దాకా చెక్క. చెక్క కిలో 40కి పోతుందనుకుంటే 2,320 తిరిగొస్తుంది. మిగిలిన 8,056 రూపాయలు 40 కిలోల నూనె మీద పడతాయి. కిలో 201, లీటరు లెక్కన 183. ఇది ఉత్త ముడిసరుకు ఖర్చే. కరెంటు, కూలీ, సీసా, లేబులు, రవాణా, అంగడాయన కమీషను, 5 శాతం జీఎస్టీ అన్నీ ఎక్కితే సీసా 240 దగ్గరికి పోతుంది. ఆ ధర పెట్టి కొనేవాళ్లు లేరని కాదు. గానుగ నూనె అని బెంగళూరులో కొంటున్నారు. అయితే ఆ కొనేవాళ్లెవరో, నెలకు ఎన్ని సీసాలో మీ ప్లాన్‌లో ఒక్క పేరు లేదు, ఒక్క అంకె లేదు.

అట్లయితే మనకు తెలిసిన మిల్లుల వాళ్లు ఎలా బతుకుతున్నారని ఛైర్మన్ గారు అడుగుతారు. మంచి ప్రశ్నే. వాళ్లు కొన్న పప్పంతా గానుగలో పోయరు. నిండు పప్పును సైజుల వారీగా జల్లించి తినే పప్పుగా మంచి ధరకు అమ్ముతారు. బద్దలు, నలిగినవి, సన్నవి నూనెకు వేస్తారు. లాభం గానుగ దగ్గర కాదు, జల్లెడ దగ్గర ఉంది. కాబట్టి మీరు ఎప్పుడైనా మిషను కొంటే మొదట కొనాల్సింది కాయ ఒలిచి గ్రేడు చేసే మిషను. నూనె మిల్లు దాని తర్వాతి మాట.

పెట్టుబడి చూడండి. చిన్న మిల్లే అయినా రోజుకు ఐదు క్వింటాళ్ల పప్పు, ఏడాదికి 200 రోజులు నడవాలంటే వెయ్యి క్వింటాళ్ల పప్పు కావాలి. అంటే దాదాపు 1,430 క్వింటాళ్ల కాయ. వానకారు చెనిక్కాయ ఒకటి రెండు నెలల్లోనే కళ్లాల మీదికి వస్తుంది, అప్పుడే కొని పెట్టుకోవాలి. మద్దతు ధరకు కోటీ నాలుగు లక్షలు. మీ వాటాధనం 4 లక్షల 30 వేలు. మిషను ఖరీదుకు సబ్సిడీ వస్తుంది సరే, ఈ కోటి రూపాయల కాయకు ఏ పథకమూ సబ్సిడీ ఇవ్వదు. ఊళ్లలో తాళం పడిన సంఘం మిల్లులు కొన్నింటిని చూశాను. వాటిలో మిషను పాడై ఆగినవి తక్కువ, కాయ కొనడానికి డబ్బు లేక ఆగినవే ఎక్కువ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం.

ఆ 60 వేలు అడిగిన ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వకండి. చిన్న ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం సబ్సిడీ ఉన్న మాట నిజమే. కానీ అది బ్యాంకు అప్పుతో ముడిపడింది. ముందు మీరు సొంత డబ్బు పెట్టాలి, బ్యాంకు అప్పివ్వాలి, ఆ తర్వాతే సబ్సిడీ ఖాతాలో చేరుతుంది. రిపోర్టు రాసినాయన ఫీజు మొదటి రోజే తీసుకుని వెళ్తాడు, కంతులు మీరు కట్టుకుంటారు. రిపోర్టు రాయించడం, బ్యాంకుకు తీసుకుపోవడం ఎలాగూ మీకు తోడుగా పెట్టిన సంస్థ పనే. దానికి మళ్లీ బయటివాళ్లకు డబ్బులెందుకు?

ఆ సంస్థ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి అదే, మీరు దాన్ని వాడుకోవడం లేదు. పదివేల ఎఫ్‌పీవోల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకం 2020లో మొదలైంది. అందులో మీ కంపెనీ నిర్వహణకు మూడేళ్లలో ఇచ్చేది 18 లక్షల వరకు. మిమ్మల్ని ఏర్పాటు చేసి, చేయి పట్టి నడిపించడానికి ఆ సంస్థకు ఇచ్చేది ఐదేళ్లలో 25 లక్షల వరకు. మీ నిర్వహణకు ఇచ్చేదానికంటే మీకు సాయం చేసేవాళ్లకు ఎక్కువ. తప్పని అనడం లేదు, పని జరిగితే అది మంచి ఖర్చే. ఇందులో మీరు గమనించాల్సింది ఇంకొకటుంది: వాళ్ల సాయం గడువు ఐదేళ్లు. మీ జీతాల సాయం మూడేళ్లకు ఆగినా, వాళ్ల బాధ్యత అక్కడితో తీరదు. చాలా కంపెనీల్లో జీతాలు ఆగగానే ఆ సంస్థ మనిషి రావడం కూడా మానేస్తాడు, ఎవరూ అడగరు.

పథకం నిబంధనల ప్రకారం వాళ్ల దగ్గర ఐదు రకాల నిపుణులుండాలి: పంటల సాగు, మార్కెటింగు–ప్రాసెసింగు, సంఘాల కూర్పు, చట్టం–లెక్కలు, కంప్యూటరు సమాచారం. మీ దగ్గరికి వచ్చేది బైకు మీద తిరిగే ఒక్క ఫీల్డు కుర్రాడేనని అనుకుంటాను. ఆ పిల్లవాడి మీద విసుక్కోకండి, అతనికి ఇరవై కంపెనీలు అప్పగించి ఉంటారు. సంస్థకు మీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయండి, మీకు ఈ సంస్థను కేటాయించిన ఏజెన్సీకి, అది నాబార్డు అయితే జిల్లా నాబార్డు అధికారికి, నకలు పెట్టండి. అందులో ‘సాయం చేయండి’ అని రాయొద్దు. సాయం అంటే వాళ్లు శిక్షణ తరగతి పెట్టి, ఫోటో తీసి, టీ బిస్కెట్లు ఇచ్చి పోతారు. పని పేరు పెట్టి అడగండి. ‘మార్కెటింగు నిపుణుడు ఫలానా వారం మాతో చళ్లకెర వచ్చి ముగ్గురు పప్పు వ్యాపారులతో మాట్లాడించాలి.’ ‘లెక్కల నిపుణుడు రెండు రోజులు మా ఆఫీసులో కూర్చుని అకౌంటెంటుకు స్టాకు రిజిస్టరు, జీఎస్టీ నేర్పాలి.’ ‘విత్తన లైసెన్సు దరఖాస్తు మాతో కలిసి నింపాలి.’ ఇలా అడిగితే తప్పించుకోవడం కష్టం. వ్యాపారం నేర్పే సాయమంటే కాగితం రాసివ్వడం కాదు, మొదటి లారీ ఎక్కించేదాకా పక్కన నిలబడటం.

చళ్లకెర అని ఊరికే అనలేదు. మీ వైపు కాయ చాలా వరకు ఎటూ కర్ణాటక సరిహద్దు దాటి అక్కడి నూనె మిల్లులకే పోతుంది. ఇటు ఆదోని, ఎమ్మిగనూరు యార్డులున్నాయి. ఒక సంచి పప్పు శాంపిలుగా తీసుకుని ఈ మూడు చోట్లా అడగండి. ఏ సైజుకు ఎంత, తేమ ఎంత ఉంటే ఎంత కోస్తారు, డబ్బు ఎన్నిరోజులకు వేస్తారు. ఫోన్లో చెప్పే ధర వేరు, సంచి విప్పాక చెప్పే ధర వేరు. చివరి దశలో బెట్ట తగిలిన కాయకు బూజు, దానివల్ల అఫ్లాటాక్సిన్ విషం పట్టే ప్రమాదం మన జిల్లాలో ఎక్కువ. తినే పప్పు కొనే పెద్ద వ్యాపారులు దానికోసం ల్యాబు పరీక్ష అడుగుతారు. మీ సభ్యులు కాయను ఎంత బాగా ఎండబెడితే అంత మేలు. పచ్చి కాయను కుప్ప వేసి పట్ట కప్పడం మానిపిస్తే, ఏ ఖర్చూ లేకుండానే మీ సరుకు మెరుగవుతుంది.

మరి మిల్లు వద్దంటే ఏం చేయాలి? నా మాట వింటే విత్తన కాయతో మొదలుపెట్టండి.

మీ సభ్యులందరూ ప్రతి ఏడూ చేసే అతి పెద్ద ఖర్చు విత్తనం. నవంబరులో అమ్మేటప్పుడు ఒక ధర, జూన్‌లో విత్తనానికి కొనేటప్పుడు ఇంకో ధర. సబ్సిడీ విత్తనం వచ్చినా ఎప్పుడొస్తుందో, ఎంత మొలుస్తుందో తెలియదు. ఈ తేడాలోనే మీ కంపెనీకి చోటుంది. కొనేవాళ్లను వెతుక్కోనక్కర్లేదు, వాళ్లు మీ సభ్యుల రిజిస్టరులోనే ఉన్నారు. పైగా విత్తనంగా అమ్మే కాయకు జీఎస్టీ లేదు.

దీన్ని వానకారు కాయతో చేయకండి. బోర్లున్న సభ్యుల చేత యాసంగిలో వేయించండి. ఆ కాయ ఏప్రిల్, మే నెలల్లో ఇంటికొస్తుంది, జూన్, జులైలో విత్తనానికి పోతుంది. డబ్బు మీ చేతిలోంచి బయట ఉండేది రెండు మూడు నెలలే. వానకారు కాయ అయితే ఏడెనిమిది నెలలు గోడౌనులో పెట్టుకుని పుచ్చు పురుగుకూ ఎలుకలకూ కాపలా కాయాలి. గుత్తిగా కాసే రకాలకు నిద్రావస్థ, అంటే కోసిన కొత్తలో మొలవకుండా ఉండే గుణం, తక్కువ కాబట్టి కొత్త కాయ మొలవదేమోనన్న దిగులు కూడా లేదు.

అంకెల్లో చూస్తే: ఎకరాకు 60 కిలోల పప్పు అనుకుంటే, మొదటి ఏడాది వంద ఎకరాలకు 60 క్వింటాళ్ల పప్పు, అంటే 86 క్వింటాళ్ల కాయ. సభ్యులకు మార్కెట్ కంటే కొంచెం ఎక్కువగా క్వింటాలుకు 8 వేలు ఇచ్చినా 7 లక్షల లోపే. ఇది మీరు మోయగలిగిన బరువు. నీళ్ల కింద ఎకరాకు ఎనిమిది పది క్వింటాళ్లు వచ్చినా పది పన్నెండు ఎకరాలు చాలు. మొలక సరిగా రాని కాయ, కల్తీ కాయ తీసేయాల్సి వస్తుంది కాబట్టి పదిహేను ఎకరాలు వేయించండి. ఖర్చులన్నీ పోను పప్పు కిలోకు పది పన్నెండు రూపాయలు మిగిలితే 60, 70 వేలు. నెలన్నర ఖర్చు, అంతే. నిరాశపడకండి. మొదటి ఏడాది కాయ బాగా మొలిచిందంటే రెండో ఏడు ఊళ్లే మీ దగ్గరికి వస్తాయి. నాలుగు వందల ఎకరాలకు చేరితే మీ ఏడాది ఖర్చులో సగం దాకా ఇక్కడే తేలుతుంది.

మూల విత్తనం కోసం కదిరి పరిశోధన కేంద్రాన్ని, రాష్ట్ర విత్తన సంస్థ ఏపీ సీడ్స్‌ను ముందే అడిగి పెట్టుకోండి, చివరి నిమిషంలో దొరకదు. కదిరి–6 వేయాలా, కదిరి లేపాక్షి వేయాలా అన్నది మీ సభ్యులు, మీ వ్యాపారులు కలిసి చెప్పాలి. పొలంలో బాగా నిలిచే రకం ఒకటి, కొనేవాడు అడిగే రకం ఇంకొకటి కావచ్చు. చెనిక్కాయ తనలో తాను ఫలదీకరణం చెందే పంట కాబట్టి రకానికీ రకానికీ మధ్య మూడు మీటర్ల దూరం చాలు, చిన్న రైతు కూడా చేయగలడు. కల్తీ మొక్కలు ఏరడం మాత్రం పూతకు ముందు ఒకసారి, పీకేముందు ఒకసారి ఎవరో ఒకరు తప్పకుండా పొలంలో దిగి చూడాలి. మొలక కనీసం 70 శాతం, తేమ 9 శాతానికి మించకూడదు. విత్తనాన్ని కాయగానే ఉంచండి, విత్తే ముందే ఒలవండి. మిషను వేగంగా తిప్పి ఒలిస్తే పప్పు మీది పొర చిట్లి సగం మొలవదు. విత్తన లైసెన్సు లేకుండా ఒక్క సంచి కూడా అమ్మొద్దు, మీ సొంత సభ్యులకైనా సరే. మొలవని విత్తనం గురించి ఫిర్యాదు వస్తే మొదట అడిగేది లైసెన్సే.

దీని పక్కనే జిప్సం పెట్టుకోండి. ఎకరాకు 200 కిలోలు వేయాలని అందరికీ తెలుసు, వేసేవాళ్లు తక్కువ, ఎందుకంటే ఒక్కడు తెచ్చుకుంటే బాడుగ ఎక్కువ. ముందే డబ్బు వసూలు చేసి టిప్పరు లెక్కన తెప్పిస్తే కంపెనీకి పెట్టుబడి లేకుండానే పని జరుగుతుంది. పట్టలు, గోతాలు కూడా అంతే. పురుగుమందుల వ్యాపారం జోలికి ఇప్పుడే పోకండి. దానికి చదువుకున్న మనిషి, ప్రత్యేక లైసెన్సు కావాలి, దానికంటే ముఖ్యంగా అది అరువుల వ్యాపారం. ఛైర్మన్ గారికైనా సరే అరువు లేదని మొదటి రోజే గోడ మీద రాయండి. ఎవరైనా డ్రోన్ ఇస్తామంటూ వస్తే టీ ఇచ్చి పంపండి. ఐదెకరాల ముక్కల్లో దాన్ని నడిపించే పైలటు జీతం మీరు మోయలేరు.

సభ్యులు కాయ మీకే ఇస్తారన్న నమ్మకం మీకుందా? నాకైతే లేదు. అందులో వాళ్ల తప్పూ లేదు. మండీ ఆయన ఆగస్టులో పిల్లల ఫీజుకు డబ్బిస్తాడు, ఆసుపత్రికి ఇస్తాడు, గోతాలు తెస్తాడు, కళ్లంలోనే తూకం వేసి నోట్లు లెక్కపెడతాడు. క్వింటాలుకు రెండు మూడు కిలోలు తరుగు తీసినా, వడ్డీ కింద ధర కోసినా రైతు ఆయనకే ఇస్తాడు, ఎందుకంటే అవసరానికి నిలబడినది ఆయనే. అప్పు విషయంలో మీరు ఆయనతో పోటీ పడలేరు, పడొద్దు కూడా. తూకంలో పడండి. ఎలక్ట్రానిక్ కాటా, తేమ చూసే మీటరు, చేతికి చీటీ, మూడు రోజుల్లో ఖాతాలో డబ్బు. ఈ నాలుగూ ఒక్క సీజను తప్పకుండా చేయండి. అప్పు లేని రైతులు మొదట వస్తారు, నలభై యాభై మంది వచ్చినా చాలు. ఉత్పత్తిదారుల కంపెనీల చట్టంలో ధరలో కొంత నిలిపి ఉంచి తర్వాత ఇచ్చే పద్ధతి, ఎంత సరుకు ఇస్తే అంత బోనసు ఇచ్చే పద్ధతి ఉన్నాయి. నిలిపి ఉంచడం మొదటి ఏడాది చేయకండి, నమ్మకం కుదరని చోట అది బకాయిలాగే కనపడుతుంది. బోనసు మాత్రం సరుకు ఇచ్చినవాళ్లకే ఇస్తామని ముందే చెప్పండి. వాటా కట్టి కాయ బయట అమ్మినవాళ్లు అడగడానికి వస్తారు, అప్పుడు చట్టం చూపించండి.

డబ్బు సంగతి. పథకంలో సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా, మనిషికి 2,000 వరకు, కంపెనీకి 15 లక్షల వరకు ఈక్విటీ గ్రాంటు ఉంది. మీరు తలా వెయ్యే వసూలు చేశారు, గ్రాంటు గురించి ఉత్తరంలో ఎక్కడా లేదు, అంటే అడగలేదని అర్థం. ఇంకో వెయ్యి కట్టించగలిగితే వాటాధనం 8 లక్షల 60 వేలు, గ్రాంటు అంతే. 17 లక్షల పైన. దీనికి గడువుంది, జీతాల సాయం అయిపోయేదాకా ఆగకండి. రెండో వెయ్యి అడగడం కష్టమని తెలుసు. విత్తన కాయ కావాలన్నవాళ్ల దగ్గర మొదలుపెట్టండి, ‘వాటా పూర్తిగా కట్టినవాళ్లకే ముందు విత్తనం’ అనండి.

అప్పు కావాల్సివస్తే పథకంలోనే రుణ హామీ ఉంది. కోటి లోపు అప్పుకు 85 శాతం దాకా హామీ ఉండేసరికి బ్యాంకు సొంత తాకట్టు అడగనక్కర్లేదు. అయినా మన బ్రాంచి మేనేజర్లు చాలామంది ఎఫ్‌పీవో అనగానే మొహం తిప్పుకుంటారు. నాబార్డుకు అనుబంధంగా ఉన్న నాబ్‌కిసాన్ రైతు కంపెనీలకు అప్పులిస్తుంది, అక్కడ అడగొచ్చు. వాళ్లు అడిగేది ఆడిటు చేసిన లెక్కలు, కొనేవాళ్ల ఆర్డరు. 46 పేజీల ప్లాన్ చూపిస్తే నవ్వి పక్కన పెడతారు, ఆదోని వ్యాపారి రాసిచ్చిన అరపేజీ ఆర్డరు చూపిస్తే కుర్చీ చూపిస్తారు.

కంపెనీల రిజిస్ట్రారుకు కట్టాల్సిన ఫారాలు వేశారో లేదో ఇవాళే ఆడిటరుకు ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయలు. ఏడాది మరచిపోతే మీ విత్తన లాభం అంతా అక్కడే పోతుంది. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లందరూ అనర్హులవుతారు, ఆ మాట బోర్డులో చెబితే మీరు చెప్పే మిగతా మాటలు కూడా శ్రద్ధగా వింటారు.

వీలైతే ఛైర్మన్ గారినీ ఇద్దరు డైరెక్టర్లనూ తీసుకుని చెన్నేకొత్తపల్లి పోయి రండి. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల తోడుతో నడిచే ధరణి రైతుల సహకార సంఘం అక్కడుంది. కొర్రలు, చెనిక్కాయలు సభ్యుల దగ్గర కొని, శుభ్రం చేసి, సొంత పేరుతో ఊరు దాటించి అమ్ముతున్నారు. మిషన్లు చూసి రాకండి. స్టోరు చూసుకునే మనిషిని పక్కకు పిలిచి, సరుకు ఎవరి దగ్గర ఎప్పుడు కొంటారు, చెడిపోతే ఎవరి ఖాతాలో రాస్తారు, వాన పడని ఏడాది ఏం చేశారు అని అడగండి. ఛైర్మన్ గారి చెవిన ఆ జవాబులు పడాలి. మీరు వంద సార్లు చెప్పినా ‘ఊరి ఆడపిల్ల’ మాటే అవుతుంది, ఇంకో ఊరి రైతు చెబితే అనుభవమవుతుంది. ఇది న్యాయం కాదు, కానీ పని జరగాలి కదా.

బోర్డులో మిల్లు మాట వచ్చినప్పుడు ‘వద్దు’ అనకండి, మీకది గెలిచే పోరాటం కాదు. చట్ట ప్రకారం మీరు పూర్తికాలపు సీఈవో, లెక్కలు బోర్డు ముందు పెట్టడం మీ పని. పైన రాసిన రెండు లెక్కలు, కంపెనీ ఖర్చుదీ మిల్లుదీ, తలా ఒక కాపీ ఇచ్చి, ‘మామా, ఈ కోటీ నాలుగు లక్షలు ఎక్కడినుంచి తేవాలో తీర్మానంలో రాయిద్దాం’ అనండి. ఎవరూ తన పేరు మీద రాయించుకోడు. అప్పుడు విత్తన కాయ ప్రతిపాదన పెట్టండి. మిల్లును మూడేళ్ల తర్వాత చూద్దామని అదే తీర్మానంలో రాస్తే ఛైర్మన్ గారి పరువూ దక్కుతుంది.

రెండో వెయ్యి వాటా, విత్తన కాయ, అరువు లేదన్న నిబంధన, ఈ మూడూ సర్వసభ్య సమావేశంలో పెట్టాల్సినవి. సెప్టెంబరు 30 లోపు అది జరగాలి, నోటీసు 14 రోజుల ముందు వెళ్లాలి, నాలుగో వంతు మంది, అంటే మీకు 108 మంది, కూర్చుంటేనే కోరం. సంతకాల కోసం ఇంటింటికీ రిజిస్టరు తిప్పే అలవాటుంటే ఈసారికి మానేయండి. సంత రోజు పెట్టుకుంటే ఎవరూ రారు, సెలవు కాని శనివారం చూసుకోండి.